గడప కింది మాటలు మనసును ఏలగలవా?

పరీక్షల రోజులు దగ్గర పడుతున్నాయంటే ఇంట్లో పిల్లలకే కాదు, తలిదండ్రులకూ నిద్ర పట్టదు. రేణిగుంట, తిరుపతి ప్రాంతాలలో ఇది మరీ ఎక్కువ. ఇంటర్మీడియట్, ఈఏపీసెట్, నీట్ అంటూ ఒకదాని వెంట ఒకటి తరుముకొస్తుంటే, ఎవరు ఏ ఉపాయం చెప్పినా ప్రయత్నించి చూద్దామనిపిస్తుంది. అలాంటి ఉపాయాలలో ఒకటి సెల్‌ఫోన్ ద్వారా ఇళ్ళలోకి ప్రవేశించింది. రాత్రి పుస్తకం మూసి, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని పడుకోవాలట. ఫోనులో వాన చప్పుడో, అలల హోరో సన్నగా మ్రోగుతూ ఉంటుంది. ఆ చప్పుడు అడుగున, చెవికి అందనంత నెమ్మదిగా, ‘నాకు అన్నీ గుర్తుంటాయి’, ‘నేను ర్యాంకు సాధిస్తాను’ అనే మాటలు దాచిపెట్టి ఉంటాయట. వీటికి ‘సబ్లిమినల్ ఆడియో’ అని పేరు. కొన్ని ఉచితంగా దొరుకుతాయి, కొన్నింటికి డబ్బు కట్టాలి. 1980లలో, 1990లలో ఇదే సరుకు పాశ్చాత్య దేశాలలో క్యాసెట్ల రూపంలో అమ్ముడుపోయింది.

ఇది ఆశ. దీని ప్రక్కనే ఒక భయం కూడా ఉంది. ఫలానా పాటను వెనుక నుంచి ముందుకు తిప్పి వింటే సాతాను మాటలు వినబడతాయనీ, ఫలానా సినిమాలో, ఫలానా కార్టూను బొమ్మలో పిల్లలను చెడగొట్టే సందేశాలు దాచారనీ చెప్పే వీడియోలను మనవాళ్ళు ఒకరికొకరు పంపుకుంటున్నారు. విశ్వాసుల కుటుంబాలలో ఈ భయం త్వరగా పాకుతుంది.

ప్రియ పాఠకులారా! ఆశ వేరు, భయం వేరు అనిపించినా రెండింటికీ పునాది ఒక్కటే: మనకు తెలియకుండా మన మనసులోకి మాట పంపించి మనచేత పని చేయించవచ్చు అన్న నమ్మకం. ఈ నమ్మకంలో ఎంత నిజముంది? మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను నూరేళ్ళకు పైగా పరిశీలిస్తున్నారు. వారు తేల్చిన విషయాలను ఈ వారం వరుసగా నేర్చుకుందాం.

గడప అంటే ఏమిటి?

‘సబ్లిమినల్’ అనే మాటలో ‘లిమెన్’ అనే లాటిన్ పదం ఉంది. గడప అని దాని అర్థం. ‘సబ్’ అంటే కింద. మనసును ఒక ఇల్లు అనుకుంటే, గడప దాటి లోపలికి వచ్చిన చూపును, శబ్దాన్ని మనం గుర్తిస్తాం. గడప దాటలేనంత బలహీనమైనది, అంటే మరీ చిన్న శబ్దమో, కనురెప్ప పాటులో పదోవంతు కూడా నిలవని దృశ్యమో వచ్చి పోయిన సంగతే మనకు తెలియదు. ఆ కోవకు చెందిన సందేశమే సబ్లిమినల్ సందేశం.

ఈ గడపను కొలిచే పద్ధతులను 1860లో జర్మనీ శాస్త్రజ్ఞుడు గుస్తావ్ ఫెఖ్నర్ గ్రంథస్థం చేశారు. గోడగడియారం టిక్కుటిక్కు శబ్దాన్ని వింటూ మెల్లగా వెనక్కి నడవండి. ఒకచోట ఆ శబ్దం వినబడీ వినబడనట్టు ఉంటుంది. పదిసార్లలో ఐదుసార్లు మాత్రమే దాన్ని పట్టుకోగలిగిన చోటును శాస్త్రజ్ఞులు గడపగా లెక్కిస్తారు. ఇది రాతితో వేసిన గడప కాదు. మనిషిని బట్టి, అలసటను బట్టి, చుట్టూ ఉన్న నిశ్శబ్దాన్ని బట్టి అది కొంచెం ఇటూ అటూ జరుగుతుంది. ఒకే ఆడియో అందరికీ ఒకేవిధంగా పనిచేస్తుందని చెప్పే ప్రకటనలకు మొదటి అడ్డంకి ఇక్కడే ఉంది.

ఇంకొక తేడాను కూడా గుర్తుంచుకోవాలి. రేణిగుంట జంక్షన్ ప్రక్కన కాపురం ఉండేవారికి అర్ధరాత్రి గూడ్సుబండి కూత వేసినా నిద్ర చెడదు. కాని ప్రక్కలో పసిబిడ్డ మూలిగితే తల్లికి మెలకువ వస్తుంది. ప్లాట్‌ఫారం మీద తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో ఎన్ని బండ్ల పేర్లు చదివినా పట్టించుకోకుండా కబుర్లాడుతున్న మనిషి, తాను ఎక్కవలసిన ‘వెంకటాద్రి’ పేరు రాగానే తల తిప్పుతాడు. ఆ శబ్దాలన్నీ గడపకు పైనే ఉన్నాయి, చెవికి చక్కగా అందుతూనే ఉన్నాయి. మనసు వాటిని ప్రక్కన పెట్టిందంతే. 1959లో నెవిల్ మోరే అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు దీన్ని పరీక్షించారు. ఒక చెవిలో వినబడే మాటలను పైకి పలుకుతూ ఉండమని చెప్పి, రెండో చెవిలో వారి పేరును వినిపించారు. సుమారు ముగ్గురిలో ఒకరు తమ పేరును పట్టుకున్నారు.

కాబట్టి శ్రద్ధగా విన్నమాట ఒకటి, వినబడినా పట్టించుకోని మాట ఒకటి, అసలు వినబడని మాట ఒకటి. మూడవదే సబ్లిమినల్. రెండవదానికి ఉన్న బలాన్ని మూడవదానికి అంటగట్టడం వల్లనే చాలా అపోహలు పుట్టాయి.

ఒక సినిమాహాలు కథ

ఈ అపోహలకు జన్మస్థలం అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, ఫోర్ట్ లీ అనే ఊరిలోని ఒక సినిమాహాలు. 1957 సెప్టెంబరులో జేమ్స్ వికరీ అనే వ్యాపార సలహాదారు న్యూయార్కులో పత్రికలవారిని పిలిచి ఒక ప్రకటన చేశాడు. సినిమా నడుస్తుండగా ప్రతి ఐదు సెకన్లకు ఒకసారి, సెకనులో మూడువేలవ వంతు కాలం పాటు, ‘పాప్‌కార్న్ తినండి’, ‘కోకాకోలా త్రాగండి’ అనే మాటలను తెరమీద మెరిపించానని చెప్పాడు. ఆరువారాలలో 45,699 మంది ప్రేక్షకులు ఆ హాలుకు వచ్చారనీ, ఒక్కరికీ ఆ మాటలు కంటికి కనబడలేదనీ, అయినా కోకాకోలా అమ్మకాలు 18 శాతం, పాప్‌కార్న్ అమ్మకాలు 57 శాతానికి పైగా పెరిగాయనీ లెక్కలు చెప్పాడు.

ఆ సంవత్సరమే వాన్స్ పాకార్డ్ అనే రచయిత, ప్రకటనదారులు మన మనసు లోతులను ఎలా వాడుకుంటున్నారో వివరిస్తూ ఒక పుస్తకం వెలువరించాడు. అది వేలంవెర్రిగా అమ్ముడుపోయింది. రెండూ కలిసి జనాన్ని హడలెత్తించాయి. కంటికి కనబడని మాటతో కూల్‌డ్రింకు కొనిపించగలిగితే, రేపు ఓటు వేయించలేరా? యుద్ధానికి ఒప్పించలేరా?

శాస్త్రంలో ఒక నియమం ఉంది. ఒకరు చేశామన్న ప్రయోగాన్ని మరొకరు చేసినా అదే ఫలితం రావాలి. 1958లో కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీ ఒక ఆదివారం రాత్రి కార్యక్రమంలో ‘ఇప్పుడే ఫోన్ చేయండి’ అనే సందేశాన్ని 352 సార్లు కనబడకుండా మెరిపించింది. ఫోనులు చేసినవారి సంఖ్య పెరగలేదు. సందేశం ఏమిటో ఊహించి రాయమంటే దాదాపు 500 ఉత్తరాలు వచ్చాయి. ఒక్కరూ సరిగా చెప్పలేకపోయారు. విచిత్రం ఏమిటంటే, వారిలో సుమారు సగంమంది తమకు ఆకలి వేసిందనో దాహం వేసిందనో రాశారు. ఎందుకని? న్యూజెర్సీ కథను వారంతా పత్రికలలో చదివి ఉన్నారు! వారిని కదిలించింది తెరమీద దాగిన మాట కాదు, పత్రికలో పెద్దక్షరాలతో అచ్చయిన మాట.

చివరకు 1962లో వికరీయే ఒక ప్రకటనల పత్రికతో మాట్లాడుతూ, తాను సేకరించిన వివరాలు ఏమీ తేల్చలేనంత కొద్దిపాటివని ఒప్పుకున్నాడు. నష్టాలలో ఉన్న తన వ్యాపారాన్ని నిలబెట్టుకోవడానికే ఆ హడావుడి అంతా. అయితే అబద్ధం ఊరంతా తిరిగి వచ్చింది, దిద్దుబాటు మాత్రం ఇంటి గుమ్మం దాటలేదు. అరవై ఏళ్ళకు పైగా గడిచినా ఆ పాప్‌కార్న్ లెక్కలను నిజాలుగా చెప్పే ఉపన్యాసకులు మనకు ఇప్పటికీ తారసపడుతూనే ఉన్నారు.

పరిశోధనశాలలో తేలినది ఏమిటి?

అలాగని గడప కింద ఏమీ జరగదని అనుకోవడం కూడా పొరపాటే. జరుగుతుంది. ఎంత జరుగుతుంది, ఎంతసేపు నిలుస్తుంది అన్నదే అసలు ప్రశ్న.

1884లో చార్లెస్ పియర్స్, జోసెఫ్ జాస్ట్రో అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు ఇంచుమించు సమానమైన రెండు బరువులలో ఏది ఎక్కువో చెప్పే ప్రయోగం చేశారు. ‘నాకు ఏమీ తేడా తెలియడం లేదు, ఊరికే ఊహిస్తున్నాను’ అన్నప్పుడు కూడా జవాబులు సుమారు ఐదింట మూడుసార్లు సరిగా వచ్చాయి. అంటే మనకు తెలియని తేడాను కూడా మన ఇంద్రియాలు కొంత పట్టుకుంటాయి.

1980లో విలియం కున్స్ట్-విల్సన్, రాబర్ట్ జయోన్స్ అనే పరిశోధకులు వంకరటింకర అష్టభుజి బొమ్మలను సెకనులో వెయ్యోవంతు కాలం చూపించారు. తరువాత పాత బొమ్మను, కొత్త బొమ్మను జతగా ఉంచి ‘ఇందాక చూసినది ఏది?’ అని అడిగితే 48 శాతం మాత్రమే సరైన జవాబులు. అంటే కాసు ఎగరవేసి బొమ్మా బొరుసూ చెప్పినట్టే. ‘మీకు ఏది బాగుంది?’ అని అడిగితే మాత్రం 60 శాతం సార్లు పాత బొమ్మనే ఎన్నుకున్నారు. చూసిన సంగతి తెలియకపోయినా, పరిచయం వల్ల కలిగే చిన్న ఇష్టం మిగిలింది.

2006లో నెదర్లాండ్స్‌లో యోహాన్ కారెమన్స్ బృందం శీతల పానీయంతో చేసిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. ‘లిప్టన్ ఐస్’ అనే టీ పానీయం పేరును సెకనులో నలభయ్యో వంతు కంటే తక్కువ కాలం పదేపదే చూపించారు. దాహం వేసినవారు మాత్రమే ఆ పానీయం వైపు ఎక్కువగా మొగ్గారు. దాహం లేనివారి మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. మే నెల ఎండలో రేణిగుంట ప్లాట్‌ఫారం మీద నిలబడినవాడికి ఎలాగూ ఏదో ఒకటి త్రాగాలని ఉంటుంది. రెండు సీసాలలో ఏది తీసుకోవాలన్న చోట చిన్న మొగ్గు కలగవచ్చు. అన్నం తిని, మంచినీళ్ళు త్రాగి కూర్చున్నవాణ్ణి లేపి దుకాణానికి నడిపించే శక్తి ఆ మెరుపుకు లేదు.

ఇక ఎంతసేపు నిలుస్తుంది? 1996లో ఆంథొనీ గ్రీన్‌వాల్డ్ బృందం దీన్ని కొలిచింది. ఒక మాటను కనబడకుండా మెరిపించి, వెంటనే మరొక మాట చూపి, అది మంచిదా చెడ్డదా చెప్పమన్నారు. ముందు మెరిసిన మాట ప్రభావం ఉన్నట్టు తేలింది. కాని రెండింటి మధ్య ఎడం సెకనులో పదోవంతు దాటగానే ఆ ప్రభావం మాయమైంది. మీరు ఈ వాక్యంలో ఒక్క పదం చదివేలోపే అది ఆరిపోతుందన్నమాట! ఈ కోవకు చెందిన పాత ప్రయోగాలు కొన్నింటిని గత పదిహేనేళ్ళలో తిరిగి చేసినప్పుడు మొదటి ఫలితాలు రాలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

క్లుప్తంగా చెప్పాలంటే, గడప కింది సందేశం మనసును తాకగలదు. కాని బలహీనంగా, క్షణకాలం, అప్పటికే ఉన్న కోరిక వైపు మాత్రమే. లేని కోరికను పుట్టించి, మనిషి సంకల్పాన్ని పడగొట్టి, నెలల తరబడి నడిపించినట్టు నమ్మదగిన ఆధారం లేదు.

మన విశాఖపట్నంలో

ఈ ప్రశ్నను మన తెలుగునాట కూడా పరిశీలించారని చాలామందికి తెలియదు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1967లో మనస్తత్వ శాస్త్రం, పరామనోవిజ్ఞానం కలిపి ఒక శాఖను నెలకొల్పారు. దాని వెనుక ఉన్నవారు ఆచార్య కోనేరు రామకృష్ణారావు. ఆయన అమెరికాలో జె.బి. రైన్‌తో కలిసి పనిచేసి వచ్చినవారు. తరువాత ఆ విశ్వవిద్యాలయానికే ఉపాధ్యక్షులయ్యారు. 2011లో పద్మశ్రీ అందుకున్నారు.

ఇంద్రియాల సాయం లేకుండానే మనిషి విషయాలను తెలుసుకోగలడా అన్నది పరామనోవిజ్ఞానం వేసుకునే ప్రశ్న. గడప కింది సందేశం ఇంద్రియాలకు చేరినా మనకు తెలియదు. అతీంద్రియ జ్ఞానం అనేది ఉంటే, అదీ ఇలాగే మనకు తెలియకుండా లోపల పనిచేయవచ్చు కదా? అలాగైతే ఒకదానిలో ఎక్కువ మార్కులు వచ్చినవారికి రెండోదానిలో ఎలా వస్తాయి? ఈ ఆలోచనతో ఆచార్య పి.వి. కృష్ణారావు, ఆచార్య రామకృష్ణారావు కలిసి చేసిన రెండు అధ్యయనాలు 1982లో పరామనోవిజ్ఞాన పత్రికలో వెలువడ్డాయి. అంతకుముందు 1978లో ధ్యానాన్ని కూడా ఇందులో కలిపి చూసిన అధ్యయనం ఒకటి వచ్చింది.

అతీంద్రియ జ్ఞానాన్ని శాస్త్రలోకంలో అత్యధికులు అంగీకరించలేదు. తిరిగి చేసినప్పుడు నమ్మకంగా అవే ఫలితాలు రాకపోవడమే అందుకు ముఖ్య కారణం. అయినా ఇక్కడ మనం నేర్చుకోవలసినది ఒకటుంది. పుకారును నమ్మి పరుగెత్తకుండా, కొట్టిపారేసి ఊరుకోకుండా, మనుషులను కూర్చోబెట్టి లెక్కకట్టి చూద్దామనుకున్నారు వారు. ఆ పద్ధతి మన ఇళ్ళలోకి రావాలి.

తిరగేసిన పాటలు

ఇప్పుడు భయం సంగతి చూద్దాం. పాటను తిరగేసి వినిపిస్తే మనసు దాని అర్థాన్ని గ్రహిస్తుందా?

మనకు తెలిసిన ‘వికటకవి’ అనే మాట తీసుకోండి. అక్షరాలను కుడి నుంచి చదివినా ఎడమ నుంచి చదివినా అదే మాట. కాని దాన్ని ఫోనులో రికార్డు చేసి వెనక్కి తిప్పితే ‘వికటకవి’ అని వినబడదు. అక్షరంలో హల్లు ముందు, అచ్చు తరువాత పలుకుతాం. తిప్పినప్పుడు అచ్చు ముందుకు వచ్చి ‘ఇవకటకివ్’ వంటి వింత శబ్దం వస్తుంది. తిరగేసినా మారని మాటకే ఈ గతి పడితే, మిగిలిన మాటల సంగతి చెప్పాలా?

కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో జాన్ వోకీ, డాన్ రీడ్ అనే ఇద్దరు ఆచార్యులు ఈ విషయాన్ని పరీక్షించి 1985లో ఫలితాలు ప్రకటించారు. మాటలను తిరగేసి వినిపించి, అవి క్రైస్తవ సందేశమా, సాతాను సందేశమా, వ్యాపార ప్రకటనా, పిల్లల పాటా, అశ్లీలమా అని ఐదు గంపలలోకి వేరుచేయమన్నారు. ఐదింట ఒకటి చొప్పున మాత్రమే సరిపోయాయి. కళ్ళు మూసుకుని వేసినా అంతే వస్తుంది. మాట్లాడేది ఆడమనిషా మగమనిషా అన్నది మాత్రం చెప్పగలిగారు. అర్థం ఎవరికీ అందలేదు.

తరువాత వారు చేసినది మన పాఠకులు ప్రత్యేకంగా గమనించాలి. పవిత్ర గ్రంథంలోని 23వ కీర్తన, కాపరి కీర్తన, మనలో చాలామందికి కంఠస్థం. దాన్ని చదివించి, తిరగేసి, ఏవైనా మాటలు వినబడుతున్నాయా అని వెదికారు. వెదికితే దొరికాయి! ‘ఇక్కడ ఫలానా మాట వస్తుంది, వినండి’ అని ముందుగా చెప్పినప్పుడు చాలామందికి ఆ మాట వినబడింది. చెప్పకపోతే వినబడలేదు. కీర్తనకారుడు అందులో ఏమీ దాచలేదు కదా! మబ్బులో ఏనుగు ఉందని చెప్పాక ఏనుగే కనిపించినట్టు, చెప్పిన మాటనే చెవి వెదికి పట్టుకుంటుంది. అలాంటి వీడియోలలో పాటకంటే ముందు తెరమీద అక్షరాలు ఎందుకు చూపిస్తారో ఇప్పుడు అర్థమైందా?

ఈ భయం ఒకసారి న్యాయస్థానం దాకా వెళ్ళింది. 1985లో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఇద్దరు యువకులు ప్రాణం తీసుకోబోయారు. ఒకరు అక్కడే మరణించారు, రెండవవారు తీవ్రంగా గాయపడి కొన్నేళ్ళకు మరణించారు. ‘జూడస్ ప్రీస్ట్’ అనే బ్రిటిష్ సంగీత బృందం పాటలో దాగిన మాటలే వారిని పురికొల్పాయని కుటుంబాలు దావా వేశాయి. 1990లో రీనో నగరంలో విచారణ జరిగింది. ఆ మాటగా వినబడినది గాయకుని ఊపిరి, గిటారు శబ్దం అనుకోకుండా కలవడం వల్ల వచ్చిందేననీ, అది మరణానికి కారణమైనట్టు ఋజువు కాలేదనీ న్యాయమూర్తి తీర్పు చెప్పారు. ఆ యువకుల జీవితాలలో మద్యం, మత్తుపదార్థాలు, ఇంటి కష్టాలు ఉన్నాయన్న సంగతి విచారణలో బయటపడింది.

బిడ్డను పోగొట్టుకున్న తలిదండ్రులను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయినా ఒకమాట చెప్పక తప్పదు. దాగిన మాట కోసం పాటలను తిరగేస్తూ కూర్చుంటే, పిల్లవాడు పైకి చెబుతున్న మాటను వినకుండా పోయే ప్రమాదం ఉంది. ‘నావల్ల కాదు నాన్నా’, ‘నాకు బ్రతకాలని లేదమ్మా’ అన్న మాటలు గడపకు పైనే ఉంటాయి. ఫలితాలు వెలువడే రోజులలో పత్రికలు చదివే మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు. అలాంటి మాట చెవిన పడితే తేలికగా తీసుకోకండి. పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకండి. కేంద్రప్రభుత్వం 2022లో ప్రారంభించిన ‘టెలి మానస్’ సేవకు 14416 నంబరులో రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడేవారు ఉంటారు.

నిద్రలో చదువు వస్తుందా?

ఇక ర్యాంకు ఆశ. ఇందాక చెప్పిన గ్రీన్‌వాల్డ్, ఆయన సహచరులు 1991లో ఒక చక్కని ప్రయోగం ప్రకటించారు. బజారులో అమ్ముతున్న సబ్లిమినల్ క్యాసెట్లనే కొన్నారు. కొన్ని జ్ఞాపకశక్తికి, కొన్ని ఆత్మవిశ్వాసానికి. వాటిని 237 మంది చేత నెలరోజులపాటు రోజూ వినిపించారు. అయితే ఒక కిటుకు చేశారు. సగంమందికి ఇచ్చిన క్యాసెట్ల మీద చీటీలు తారుమారు చేశారు. జ్ఞాపకశక్తి క్యాసెట్టు మీద ఆత్మవిశ్వాసం అని, ఆత్మవిశ్వాసం క్యాసెట్టు మీద జ్ఞాపకశక్తి అని అంటించారు. ఎవరికి ఏది వెళ్ళిందో ఇచ్చినవారికీ తెలియదు, తీసుకున్నవారికీ తెలియదు.

ఆ తరువాత పరీక్షిస్తే, లోపల దాచిన సందేశం వల్ల ఏ ప్రయోజనమూ కనబడలేదు. కాని మూడోవంతు కంటే ఎక్కువమంది తమకు మేలు కలిగిందని నమ్మారు. ఎందులో మేలు? లోపలి సందేశంలో ఉన్నదానిలో కాదు, పైన చీటీ మీద రాసి ఉన్నదానిలో! అంటే పనిచేసినది గడప కింది మాట కాదు, అట్ట మీద కళ్ళెదుట అచ్చేసిన మాట. కెనడా టీవీ ప్రేక్షకుల ఆకలి లాంటిదే ఇదీ.

నిద్రలో పాఠాలు వినిపించి చూసే ప్రయోగాలు కూడా 1950లలోనే జరిగాయి. మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదుచేస్తూ, మనిషి నిజంగా నిద్రలో ఉన్నప్పుడు మాత్రమే పదాలు వినిపించారు. లేచాక వారికి అవి గుర్తు లేవు. నిద్ర విలువ వేరే ఉంది. పగలు చదివినదాన్ని గట్టిపరచి భద్రపరచేది నిద్రే. చెవిలో రొదపెట్టి ఆ నిద్రను చెడగొట్టుకుంటే ఉన్నదీ పోతుంది.

మరి గుర్తుండాలంటే ఏం చేయాలి? 2006లో రోడిగర్, కార్పికే అనే అమెరికన్ పరిశోధకులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని నాలుగుసార్లు చదివారు. మరికొందరు ఒక్కసారే చదివి, మూడుసార్లు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. వారం తరువాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవారికి 40 శాతం గుర్తుంది. మూసి రాసినవారికి 61 శాతం గుర్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు. ఒక నోటుపుస్తకం, అప్పజెప్పించుకునే అమ్మో, అన్నో, అవ్వో ఉంటే చాలు. పూర్వం వీధిబడిలో పంతులుగారు చేసినది ఇదే కదా!

స్వేచ్ఛకు కావలి

‘పనిచేయదు అంటున్నారు కదా, అయితే దాచి పంపితే నష్టమేమిటి?’ అని అడగవచ్చు. 1973 చివరలో అమెరికా టెలివిజన్‌లో పిల్లల ఆటవస్తువు ప్రకటన ఒకదానిలో ‘తెచ్చుకోండి’ అనే మాటను కనబడకుండా మెరిపించారు. దానిపై ఫిర్యాదులు వచ్చాక 1974లో ఆ దేశపు ప్రసార నియంత్రణ సంస్థ స్పష్టంగా చెప్పింది: పనిచేసినా చేయకపోయినా, మోసగించాలన్న ఉద్దేశం ఉంది గనుక ఇది ప్రజాహితానికి విరుద్ధం.

శ్రీసభ అంతకుముందే ఈ మాట చెప్పింది. ద్వితీయ వాటికన్ మహాసభ కోరిన మీదట సమాచార సాధనాల గురించి 1971లో వెలువడిన ‘కొమ్మూనియో ఎత్ ప్రోగ్రెస్సియో’ అనే పత్రం, మనిషి స్వేచ్ఛకు ముప్పు కలిగేలా ఉపచేతనలోకి చొరబడాలని చూసే ప్రకటనలను విసర్జించాలని బోధించింది. ఎదుటివానికి ఎదురుపడి చెప్పి, అతడు ఆలోచించుకుని అవుననో కాదనో అనే అవకాశం ఇవ్వడం మనిషికి ఇవ్వవలసిన కనీస గౌరవం. ఎదుటివాడు బిడ్డ అయినా, భార్య అయినా, ఓటరు అయినా అంతే.

అయితే అసలు కావలి ఉండవలసినది గడప కింద కాదు, గడప మీద. రోజుకు ఇరవైసార్లు కళ్ళెదుటే కనబడే ప్రకటన, ‘అందరూ కొంటున్నారు’ అన్న మాట, ‘వాడి మార్కులు చూడు, నీ మార్కులు చూడు’ అని ఇంట్లో రోజూ పడే మాట, వీటికి దాగుడుమూతలు అవసరం లేదు. గూడ్సుబండి కూతలా అలవాటైపోయి మనం ప్రశ్నించడం మానేశాం. పరిచయం ఇష్టంగా మారుతుందని అష్టభుజి బొమ్మలతో చూశాం. తెలిసి పదేపదే చూసేదాని బలం అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని అడ్డుకునే శక్తి కూడా మనకే ఉంది, ఎందుకంటే అది మనకు కనబడుతుంది, వినబడుతుంది.

కుటుంబంలో, యువజన సమావేశంలో చర్చకు

1. వినబడినా పట్టించుకోని మాటకు, అసలు వినబడని మాటకు తేడా ఏమిటి? మీ ఇంటి నుంచే ఒక్కొక్క ఉదాహరణ చెప్పండి.

2. న్యూజెర్సీ కథను నమ్మే ముందు జనం ఏ ప్రశ్నలు అడిగి ఉండవలసింది? మీ ఫోనుకు వచ్చే సందేశాలను అవే ప్రశ్నలు అడిగి చూడండి.

3. మీ పిల్లలు, లేక మీ తమ్ముళ్ళు చెల్లెళ్ళు ఈ నెలలో పైకి చెప్పిన ఏ మాటను మీరు వినిపించుకోలేదు?

4. మీ ఇంట్లో ప్రతిరోజూ బాహాటంగా వినబడుతున్న మాటలలో పిల్లల మనసును నిలబెట్టేవి ఏవి? క్రుంగదీసేవి ఏవి?

5. ఈ వారం ఒక పాఠాన్ని పుస్తకం మూసి అప్పజెప్పే పద్ధతిలో చదివి చూడండి. వారం తరువాత ఎంత గుర్తుందో మీరే లెక్కకట్టండి.